మూసీ గట్టు మీద నీ పిలుపు

అత్తమ్మా, నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున నీ ఫోటోకు బంతిపూల దండ వేశాను. మధ్యాహ్నం జరిగింది మాత్రం నీకు చెప్పకుండా ఉండలేను.

మొన్నటి వరదకు మూసీ మన కొట్టం వెనక గట్టును కోసేసింది. ఇంకాస్త జారితే ఇల్లే పోతుంది. బస్తీవాళ్లంతా కలిసి మట్టి బస్తాలు పేర్చారు. మట్టి కదలకుండా ఉండాలని వాటి సందుల్లో నేను గడ్డి నాటాను. అది ఇప్పుడిప్పుడే వేళ్లూనుకుంటోంది.

ఈరోజు నీ ముద్దుల బర్రె తాడు తెంపుకుని నేరుగా ఆ గడ్డి వైపే నడిచింది. నీ కొడుకు, పక్కింటి ఖాజా భాయ్ గట్టు కింద బస్తాలు మోస్తున్నారు. ఎప్పటిలాగే "ఇగో!" అని పిలిచాను. ఎవరికీ వినపడలేదు. బర్రె కాలు పడితే గట్టు కూలడం ఖాయం. మొగుడి పేరు ఎన్నడూ పలకని నేను, ఆ కంగారులో అచ్చం నీలాగే అరిచేశాను:

"ఓరి మల్లిగా! బర్రెను పట్టురా!"

ఆయన ఉలిక్కిపడి, ముందు నువ్వు కూర్చునే పెరటి గడప వైపు చూశాడు. బర్రె కూడా ఆగి అటే చూసింది.

"అరె మల్లేశ్ భాయ్, అమ్మ వాపస్ వచ్చిందా ఏంది?" అని ఖాజా భాయ్ పగలబడి నవ్వాడు.

"గట్లనే ఉంది భాయ్," అంటూ ఆయన బర్రెను పట్టుకున్నాడు.

గడ్డి దక్కింది. నేను మాత్రం సిగ్గుతో లోపలికి పరుగెత్తాను. సాయంత్రం చాయ్ ఇస్తుంటే ఆయన మెల్లగా అడిగాడు: "ఇంకోపారి గట్ల పిలువవా?"

పిలిచాను, అత్తమ్మా, గొంతు తగ్గించి. కొట్టంలోంచి బర్రె పలికింది.