ఆయ్ అన్నందుకు

మంగళవారం

"ఆటో నడుపుతూ సెల్లులో మాట్లాడేవురా?" అని ఎస్సై అడిగితే, మా తమ్ముడు సూరిబాబు మర్యాదకి ఆయ్ అన్నాడు. దాన్నే నేరం ఒప్పుకున్నట్టు రాసేసి, ప్రయాణికుల ముందే చెంప మీద కొట్టేడు. లైసెన్సు పోయేదే.

ఈవేళ కోర్టులో మా లాయరమ్మగారు ఎస్సైని నెమ్మదిగా అడిగేరు. "సెల్లు మీరు కళ్ళారా చూడలేదు కదండీ?"

"ఆయ్," అనేసి నాలిక్కరుచుకున్నాడు. "అంటే, వింటున్నానని అండీ!"

"మా డ్రైవరూ అందుకే అన్నాడండీ."

కోర్టంతా నవ్వింది. కేసు కొట్టేసేరు. ఆ ఎస్సై ముఖం మాడిపోవడం తనివితీరా చూసేను. మురమళ్ళ వీరేశ్వరస్వామిని నెల్లాళ్ళుగా అడిగింది అదే.

బయట ఎస్సై నా దగ్గరకొచ్చి, "మనసులో పెట్టుకోకండి అక్కగారూ," అన్నాడు.

"ఆయ్," అన్నాను.

వింటున్నానని. అంతే.