కిటికీలు తెరిపించిన కొరియన్ మాట

అమ్మా, నీకు నమస్కారం. నేను కులాసా, కుట్టుమిషను దగ్గర కళ్లు తిరిగి పడ్డ సంగతి ఇక తలచుకోకు.

ఫ్యాక్టరీలో ఉక్కపోస్తోంది, కిటికీలు తెరిపించమని ఎంత మొత్తుకున్నా, "కొరియా మేనేజరు ఒప్పుకోవట్లేదు" అనేవాడు దుబాసీ. పుస్తకం చూసి మాటలు నేర్చుకుని, నిన్న నేనే లేచి మేనేజరుతో అనేశాను: "యొగి తొవొయో. ఛాంగ్‌మున్ యొరొ జుసెయో." ఇక్కడ వేడిగా ఉంది, కిటికీ తెరవండి అని. మనలాగే వాళ్లకూ క్రియ చివరే వస్తుందమ్మా! ఆయన తెల్లబోయి, తానే వెళ్లి అన్ని కిటికీలూ తెరిచాడు. దుబాసీ ఆయనకు అసలు చెప్పనేలేదట! హాలంతా ఒకటే చప్పట్లు.

నా నూలు జాకెట్లు రెండు పంపు. చెల్లి పరీక్ష ఎలా రాసింది? దానికి నా దీవెనలు. రేపటి నుంచి భోజనాల వేళ అందరికీ నేనే కొరియన్ పాఠం చెప్పాలట. నన్ను బడి మాన్పించానని నాన్నను ఇక బాధపడొద్దను.

నీ పెద్దమ్మాయి