సగం తెల్లగా మిగిలిన పుస్తకం

పూజ్యులైన ఫాదర్ గారికి,

పోయిన వేసవిలో నా చేతుల్లోనే కన్నుమూసిన మా అమ్మాయి ఓదిల్ రాసుకున్న పుస్తకాలు పారిస్‌లో అచ్చు వేయిస్తామని, గురువారం వచ్చి తీసుకెళ్తామని కబురు పంపారు. సంతోషం. నిండినవన్నీ తీసుకెళ్లండి. సగం తెల్లగా మిగిలిన ఆఖరిది మాత్రం నాకు వదిలేయండి.

తమ్ముడు ఎతియెన్ చనిపోయాక కూడా ఓదిల్ ఆ పుస్తకాల్లో రోజూ వాడికే రాసేది. పోయినవాడికి ఉత్తరాలేంటే అంటే, "వాడు చదవడం మానలేదుగా అమ్మా" అనేది.

పోయినవాళ్లు ఇంటికొస్తారనే ఆత్మల పండుగనాడు ఇద్దరికీ కాల్చిన చెస్ట్‌నట్లు బల్ల మీద పెట్టాను. ఎవరూ ముట్టలేదు. కానీ ఓదిల్ గదిలో బుడ్డిలోని సిరా తగ్గుతోంది. మా పనిమనిషి మార్త్, "పొయ్యి వేడికి ఆరిపోతుందమ్మగారూ, చచ్చినోళ్లకి సిరా ఎందుకు?" అని నవ్వుతుంది. అది పోయినప్పటి నుంచి ఆ గదిలో పొయ్యి వెలిగించలేదు.

నాకు చదువు అంతంతమాత్రం. ఆ పుస్తకం తెరవలేదు. అందులో నాకూ ఒక మాట రాసి ఉంటుందని ఆశ, అంతా తమ్ముడికేనేమోనని భయం.

గురువారం మీరు పైన దాని గదికి వెళ్లినప్పుడు తలుపు తట్టి, కాసేపు ఆగి లోపలికి వెళ్లండి. రాసుకుంటుండగా ఎవరైనా చటుక్కున వస్తే దానికి చిన్నప్పటి నుంచీ కోపం.

ఇట్లు,
ఓదిల్ తల్లి