నువ్వు చెప్పకుండా పోయిన దారి

నాయనా,

మామ పాత వ్యానులో మంచం, పొయ్యి బిగించాడు. గండికోట చూడవచ్చే వాళ్లకు అద్దెకిస్తాడట. రాళ్ల దారుల్లో తప్పిపోకుండా దానికి జీపీఎస్ కొనాలని ఈ పొద్దున ప్రొద్దుటూరు వెళ్లాం.

అంగడాయన చూపిన మొదటిది దారిని పైకి చెప్పింది. అమ్మ ఉలిక్కిపడింది.

"పోయే దోవ అట్ల అరుస్తాదా? పగోళ్లు వింటే? మాకొద్దప్పా. నోరు లేనిది ఇయ్యి."

"పార్టీల కొట్లాటలు ఇప్పుడు యాడుండాయి అక్కా!" అని మామ నవ్వాడు.

జీపులో వెళ్లిన రోజు నువ్వు ఏ దారిన పోతున్నావో మాకు కూడా చెప్పలేదు. అందుకే నువ్వు తిరిగి రాకపోతే నిన్ను ఎక్కడ వెతకాలో మాకు తెలియలేదు.

రోడ్డు లేని చోట కూడా పనిచేసేది, తిరిగిన దారిని ఎర్రగీతగా దాచుకునేది తీసుకున్నాం. కొత్త పెట్టెను మా ముందే విప్పారు.

జమ్మలమడుగు దాటాక మామ దాన్ని వెలిగించాడు. తెర మీద అప్పటికే ఒక ఎర్రగీత ఉంది. మన వాకిట్లో మొదలై, చేలకు అడ్డంపడి, పెన్న ఒడ్డు రాళ్లలో ఆగిపోయింది.

"అంగడోళ్లు తిప్పి చూసింటారులే," అన్నాడు మామ.

"మన వాకిలి నుంచా?" అన్నాను నేను.

మామ గీతను చెరిపేయబోతే అమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఉండనీరా. ఆడికే పోనీ."

బండి పోలేని చోట ఆగాం. గీత కొస ఇంకా కింద ఉంది. జీపీఎస్‌ను నా దగ్గరే వదిలి వాళ్లిద్దరూ రాళ్లలోకి దిగారు. నేను బండిలో కూర్చుని నీకిది రాస్తున్నాను.

నాయనా, ఆగిపోయిన గీత ఇప్పుడు మెల్లగా పెరుగుతోంది, బండి వైపుకు.