వెన్ను దగ్గర పోయిన నలుపు

ఫిబ్రవరి 6, శుక్రవారం

కత్తి నలుపు పోతోంది. కొని మూడు వారాలు కాలేదు! యాకూబ్, నేను కలిసి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న జత — రెండూ ఒకటే రకం, నల్లపూత వేసిన మడత కత్తులు. ఎనుమాముల మిర్చి యార్డులో ఇద్దరిదీ ఒకే అడ్తి దుకాణం, ఒకే పని. బస్తా కుట్టు కోసి లోపలి మిర్చి ఖరీదుదార్లకు చూపించడం. వాడి కత్తి బొగ్గులా నల్లగా ఉంది. నాది తెల్లబడుతోంది. ఇదెక్కడి న్యాయం?

ఫిబ్రవరి 9, సోమవారం

కత్తి అమ్మినవాళ్లకు ఫొటో పెట్టాను. జవాబు వచ్చింది — మామూలు వాడకానికి ఈ పూత పోదట, దేనికి వాడుతున్నారో చెప్పమన్నారు. గడ్డం గీసుకోవడానికి మరి! బస్తా కుట్టిన సుతిలి కోస్తున్నాను, గోనె కోస్తున్నాను. కత్తి అంటే కోయడానికే కదా.

యాకూబ్‌కు చూపిస్తే నవ్వాడు. "పెయింటే గదరా శీను, ఎన్నడన్న పోయేదే. దానికింత ఫికరెందుకు?"

ఎన్నడన్నా పోయేదైతే నీది ఎందుకు పోలేదు? మనసులో పెట్టుకున్నాను.

ఫిబ్రవరి 10, మంగళవారం

వెలుతురుకు పట్టి చూశాను. సుతిలి రాసుకునేది అంచుకు. అంచు పైన సన్నని గీతలు ఉన్నాయి — అవి నావే, ఒప్పుకుంటాను. కానీ అంచుకు అవతల, వెన్ను దగ్గర? అక్కడ ఏ దారమూ తగలదు. అక్కడే ఎక్కువ పోయింది, నున్నగా, ఎవరో తీరిగ్గా కూర్చుని తుడిచినట్టు. మడత సందులో గోధుమరంగు పీచు... గోనె నారే అయ్యుంటుంది.

చాయ్ టైంలో ఇద్దరం కత్తులు తీసి కాంటా పక్కనున్న బల్ల మీద పెడతాం. ప్యాంటు జేబులో ఉంటే కూర్చున్నప్పుడు గుచ్చుకుంటుంది. నేను చేతులు కడుక్కోవడానికి వెళ్తాను, మిర్చి చేతులతో గ్లాసు పట్టలేను. వాడు అక్కడే ఉంటాడు. రెండు కత్తులూ అక్కడే ఉంటాయి.

ఊరికే రాస్తున్నాను.

ఫిబ్రవరి 11, బుధవారం

మార్చేస్తున్నాడా? నలుపు పోయిన తనది నాకు పెట్టి, నాది... ఛీ. యాకూబ్! పురుటికి ఇంటికొచ్చిన చెల్లె స్వప్నకు నొప్పులొస్తే ఆటో తెచ్చి దవాఖానకు తీసుకుపోయినవాడు. బయట నిలబడ్డ నా చేతిలో నీళ్ల సీసా పెట్టినవాడు.

కానీ వాడి కత్తి అంత నల్లగా ఎలా ఉంది?

ఫిబ్రవరి 12, గురువారం

స్వప్న గోళ్లరంగు తీసుకుని నా కత్తి పిడి చివర ఎర్రచుక్క పెట్టాను. ఇక మారిస్తే దొరికిపోతాడు.

స్వప్న పిల్లాణ్ణి ఒళ్లో వేసుకుని చూస్తోంది. "కత్తికి గూడ తొట్టెల జేస్తానవా ఏందే అన్నా?" పిల్లాడికి ఇరవై ఒకటో రోజున తొట్టెల, ఉయ్యాలలో వేసే పండుగ. నవ్వేసి కత్తి మడిచాను.

ఫిబ్రవరి 13, శుక్రవారం

చుక్క ఉంది. నా కత్తే. మార్చలేదు. హాయిగా ఉండాలి కదా! లేను. చుక్క అలాగే ఉంది, నలుపు ఇంకా తగ్గింది. అంటే మార్చడం కాదు — గీకుతున్నాడు. ఎందుకు? మొన్న దుకాణం సేటు అన్నాడు, "శీను కోస్తే ఒక్క కాయ తెగదు" అని. యాకూబ్ పక్కనే ఉన్నాడప్పుడు. అందుకేనా?

ఫిబ్రవరి 16, సోమవారం

రెండు రోజుల సెలవు తర్వాత ఇవాళ పొద్దున కత్తి తెరిస్తే ఇంకా తెల్లగా కనిపించింది. శుక్రవారమే ఇంత పోయి ఉంటుంది, నేనే సరిగా చూడలేదు.

చాయ్ దగ్గర అనేశాను. నలుగురు హమాలీల ముందే.

"నా కత్తిని ఏం జేస్తానవ్ రా?"

ముందు నవ్వాడు. నేను నవ్వలేదు.

"గరుకు కాయితం పెట్టి రుద్దుతానవ్. లేకుంటే నీదెట్ల నల్లగున్నది?"

గ్లాసు బల్ల మీద పెట్టాడు. "పదేండ్ల సంది ఒక్క కంచంల తిన్నం. నీ కత్తిని నేను రుద్దుతనా, శీను?" తన కత్తి మడిచి నా ముందు పెట్టాడు. "నల్లగున్నదే గావాలె గద. ఉంచుకో." చాయ్ ముట్టకుండా లేచిపోయాడు.

తప్పు చేసినవాడే అలా లేచిపోతాడు. అక్కడ అదే అనుకున్నాను, ఇప్పుడూ అదే అనుకుంటున్నాను. అన్నం మాత్రం సయించలేదు.

ఫిబ్రవరి 17, మంగళవారం

యాకూబ్ అవతలి వరుస బస్తాలకు మారాడు. ఎవరిదో పాత కొడవలితో కుట్లు కోస్తున్నాడు. బల్ల మీద రెండు కత్తులు, ఒక్కటే గ్లాసు.

ఫిబ్రవరి 18, బుధవారం

నల్లా నీళ్లు పట్టడానికి పెందరాళే లేచాను. నల్లా దగ్గర అమ్మ. ఎడమచేతిలో నా కత్తి. కుడిచేతిలో చింతపండు, ఇటుకపొడి. ఇత్తడి చెంబును తోమినట్టు తోముతోంది.

"ఏం జేస్తానవే అమ్మా!"

"కనబడ్తలేదా? తోముతాన."

రోజూ సాయంత్రం నేను వచ్చి ప్యాంటు కొక్కేనికి తగిలించగానే కత్తి తీసి పిల్లాడి పక్కబట్టల కింద పెడుతోందట. పొద్దున తోమి మళ్లీ జేబులో వేస్తోందట. బాలింత ఇంట్లో గాలి సోకకుండా ఇనుము ఉండాలట, వంటింటి కత్తులన్నీ స్టీలు, స్టీలు పనిచేయదట.

"నువ్వే అంటివి గద కొడుకా, ఇది అసలు ఇనుము, తుప్పు పట్టకుండ నల్లరంగు ఏసిండ్రని. రంగు కింద దాసుకుంటే ఇనుమేం పనిజేస్తది? బయటికి కనబడాలె గద!"

"నాకొక్క మాట చెప్పద్దా?"

"చెప్తే తోమనిస్తువా?"

ఇవ్వను. నిజమే.

మడత సందులో పీచు చింతపండుది. ముక్కు దగ్గర పెట్టుకుంటే పుల్లటి వాసన. ఇన్ని రోజులు అనుమానపడ్డ మనిషిని, ఒక్కసారి వాసన చూడలేదు. నా బుద్ధికి నిప్పు పెట్ట!

అమ్మ చెంబు నీళ్లు పోసి కడుగుతూ అంటోంది, "ఇంకోటి గూడ నల్లది ఉన్నది గద నీ తాన, అది గూడ ఇయ్యి." కేకపెట్టాను. పిల్లాడు లేచి ఏడుపు.

ఫిబ్రవరి 19, గురువారం

యాకూబ్ కత్తి రుమాలులో చుట్టి నడుముకే పెట్టుకు తిరుగుతున్నాను. అవతలి వరుసకు మూడుసార్లు వెళ్లాను. మూడుసార్లూ బస్తాలు లెక్కబెట్టినట్టు చేసి తిరిగొచ్చాను. మా అమ్మ చింతపండుతో తోమింది అంటే నవ్వుతాడు. నవ్వితే బాగుండు.

ఫిబ్రవరి 20, శుక్రవారం

చెప్పేశాను. అమ్మ, ఇటుకపొడి, ఎర్రచుక్క — అన్నీ. "తప్పయింది యాకూబ్, కాళ్లు మొక్కుత."

విన్నాడు. నవ్వలేదు. "అమ్మనేం అనకు," అన్నాడు. ఇంకో కుట్టు కోసి, "పిల్లగాడు మంచిగున్నడా?"

"రేపే తొట్టెల. నువ్వు రావాలె."

"చూస్త."

కత్తి తీసుకున్నాడు. తెరిచాడు. వెలుతురుకు పట్టి ఇటువైపు, అటువైపు చూశాడు. పిడి చివర కూడా చూశాడు — నా కత్తికి నేను చుక్క పెట్టిన చోట. తర్వాత మడిచి జేబులో వేసుకున్నాడు.

నేనిచ్చింది వాడిదే. నేను ఎలా చూసేవాణ్ణో అలాగే చూశాడు.

ఫిబ్రవరి 21, శనివారం

తొట్టెల అయింది. యాకూబ్ రాలేదు. వాళ్ల ఇంటామె ఒక్కతే వచ్చింది, పిల్లాడికి తను కుట్టిన టోపీతో. "ఆయనకు యార్డుల పని పడ్డదన్నా," అంది.

శనివారం యార్డుకు సెలవు. టోపీ పిల్లాడికి తొడిగాను.

తొట్టెలో పిల్లాడి తల దగ్గర నా కత్తి. తళతళ మెరుస్తోంది. మడత దగ్గర అప్పుడే ఆవగింజంత తుప్పు.

ఫిబ్రవరి 23, సోమవారం

చాయ్ టైంకు యాకూబ్ వచ్చాడు! నా పక్కనే కూర్చున్నాడు, గ్లాసు అందుకున్నాడు. మిర్చి ఘాటుకు ఇద్దరం దగ్గాము. నా తెల్లకత్తి తీసి బల్ల మీద పెట్టి చేతులు కడుక్కోవడానికి లేచాను. కావాలనే కాస్త ఆలస్యంగా వచ్చాను.

బల్ల మీద నాదొక్కటే ఉంది. వాడిది జేబులోనే ఉంది, గుచ్చుకుంటున్నట్టుంది, ఒక పక్కకు ఒరిగి కూర్చున్నాడు. చాయ్ అయిపోయేదాకా అలాగే కూర్చున్నాడు, తీయలేదు.