నూట ముప్పై రెండు

బలసముద్రం,
సోమవారం.

పళ్ల డాక్టరమ్మ పద్మాక్షి గారికి వెంకటేశప్ప దండాలు పెట్టి రాసుకునేది.

దవడ వాచి నోరు తెరుచుకోవడం లేదు. ఫోన్‌లో మాట్లాడలేక ఈ ఉత్తరం రాసి, పావగడ కాలేజీకి వచ్చే మా మనవరాలు ధనుశ్రీ చేత పంపుతున్నాను. శనివారం మీ కుర్చీలోంచి లేచిపోయింది నేనే. జ్ఞానదంతం పీకే ముందు, గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటోందో చూపించే డబ్బా పెట్టారు కదా. మొదట ఎనభై. మీరు సూది తీయగానే నూట పది. పట్టకారు తీయగానే నూట ముప్పై రెండు, ఎర్ర లైటు, కుయ్ కుయ్ మని మోత. నేను పనిచేసే సోలార్ ప్లాంటులో మాకు నేర్పింది ఒకటే: ఎర్ర లైటు వస్తే మెయిన్ స్విచ్ ఆపు, బయటికి పోయి నిలబడు. మీ మెయిన్ ఆపాను. నిలబడ్డాను. ఎవరూ పిలవకపోతే బస్సెక్కాను.

ఇట్లు,
పన్నుతో సహా, వెంకటేశప్ప

తా.క. పక్క జెరాక్స్ అంగడికి కూడా అదే మెయినని ఆ అంగడాయన తిట్టాక తెలిసింది.

పావగడ,
మంగళవారం.

వెంకటేశప్ప గారికి నమస్కారాలు.

ఆ అంకెను మనసులో పెట్టుకోకండి. పన్ను తీసేటప్పుడు భయానికి ఎవరి గుండె అయినా వేగంగా కొట్టుకుంటుంది. అది జబ్బు కాదు. వాపు తగ్గే మందులు ధనుశ్రీ చేత పంపుతున్నాను. శనివారం రండి, కాసేపటి పని.

మీ మేలు కోరే,
పద్మాక్షి

తా.క. మెయిన్ స్విచ్‌కు తాళం వేయించాను.

బలసముద్రం,
బుధవారం.

డాక్టరమ్మ గారికి మళ్లీ దండాలు.

జబ్బు కాదని మీరు రాసింది చదివి నా భార్య నల్లమ్మ ఏడుపు మొదలుపెట్టింది. "ఇంత మెత్తగా రాసినాదంటే ఏందో ఉండాదప్పా. పెద్ద జబ్బయితే డాక్టర్లు నేరుగా చెప్పరు" అంటుంది. నాగలమడిక నుంచి బామ్మర్ది సోమప్ప పరామర్శకు వచ్చి, నా పొట్టేళ్లలో ఏది ఎవరికని అడిగాడు. నేనింకా బతికే ఉన్నాను, మజ్జిగ తాగుతున్నాను.

అసలు దెబ్బ వేరే. ఈ మాట ప్లాంటు దాకా పోయి, సూపర్‌వైజర్ మధుకుమార్ "గుండె జబ్బుతో ఆడ పడిపోతే నా మెడకు చుట్టుకుంటాది. డాక్టరు చీటీ తెచ్చేదాకా ఈడికి రావద్దు" అని నన్ను పనిలోంచి ఆపేశాడు. నేను కడిగే ప్యానెళ్లు మా చేను మీద నిలబెట్టినవేనమ్మా. వేరుశనగ వేసిన నేల. రోజూ ఆ నేల మీద కాలు పెట్టకపోతే నాకు తోచదు. పన్ను నొప్పి కంటే ఇదే ఎక్కువగా ఉంది. నిజం చెప్పండి, ఎన్నాళ్లు ఉంటాను?

ఇట్లు,
గుండె జబ్బు వెంకటేశప్ప

తా.క. సోమప్ప ఇంకా పోలేదు. నల్ల పొట్టేలుకు తనే మేత వేస్తున్నాడు.

పావగడ,
గురువారం.

వెంకటేశప్ప గారికి, ఈ ఉత్తరం చూడబోయే మధుకుమార్ గారికి నమస్కారాలు.

సిగ్గుపడి ఒక సంగతి దాచాను. మీ పని పోయేదాకా వచ్చాక ఇంకా దాచడం తప్పు. ఆ డబ్బాకు వైరు లేని క్లిప్పు ఒకటి ఉంటుంది, వేలికి పెట్టాలి. అది నొప్పి పెట్టదని చూపించడానికి ముందు నా వేలికి పెట్టుకున్నాను. అప్పుడు మీరు కళ్లు మూసుకుని ఉన్నారు. తీసి మీకు పెట్టడం మరిచి, కంగారులో దాని మీదే గ్లవ్స్ తొడుక్కున్నాను. మీరు వెళ్లాక గ్లవ్స్ ఊడదీస్తే లోపల క్లిప్పు కనిపించింది. ఆ నూట ముప్పై రెండు నాది. నేను సొంతంగా తీయబోయిన మొదటి జ్ఞానదంతం మీదే.

అంతకు ముందు మీ నాడి చేత్తో పట్టి చూశాను. డెబ్బై రెండు. మధుకుమార్ గారూ, చీటీ ఇదే, ఆయన్ని పనిలోకి రానివ్వండి.

ఇట్లు,
పద్మాక్షి

తా.క. శనివారం తప్పకుండా రండి. కుర్చీలో కూర్చోగానే "ఏం కాదులేమ్మా" అని నాకొకసారి చెప్పండి. నోరు తెరవక ముందే చెప్పాలి, తర్వాత మీకు కుదరదు.