వర్జిల్ చెప్పిన రంగు

రీల్‌ఫుట్ సరస్సు,
ఏప్రిల్, ఆదివారం మధ్యాహ్నం.

ప్రియమైన లేటన్‌కు,

ఇక్కడ నేనూ, మామయ్యా, కుక్కా కులాసాగా ఉన్నాం. నువ్వూ అక్కడ బోటు పనిలో క్షేమంగా ఉన్నావని తలుస్తాను. ఉత్తరం ఇలాగే మొదలుపెట్టాలి కాబట్టి మొదలుపెట్టాను. నిజానికి ముగ్గురిలో కులాసాగా ఉన్నది కుక్క ఒక్కటే.

నీ ఉత్తరం బుధవారం అందింది. మెంఫిస్ దగ్గర నది పొంగి మీ బోటును ఒడ్డునే కట్టేశారని రాశావు. ఆ వాన మమ్మల్నీ వదల్లేదు. పడవ పాక మీద సైప్రస్ చెట్టు కొమ్మ పడిందా అని అడిగావు. పడింది, రేకు సొట్టపోయింది, పడవకు మాత్రం ఏమీ కాలేదు. నీళ్ళ పంపు బాగుచేయించాను. బాగుచేసినవాడు వంటింట్లో కూర్చుని నేను చేసిన మొక్కజొన్న రొట్టె మొత్తం తినేసి, మీ అమ్మగారి చేతివంట ఇంతకంటే బాగుండేదని చెప్పి మరీ వెళ్ళాడు. పోయినావిడతో పోటీ ఎవరు పడగలరు, నవ్వి ఊరుకున్నాను.

"క్రాపీ చేపలు ఈ ఏడు ఏ రంగు ఎరకు పడుతున్నాయి? నాన్న గాలానికి ఏం కడుతున్నాడు?" అని చివర్లో అడిగావు. ఆ జవాబు రాయడానికే ఇంతసేపూ చుట్టూ తిరుగుతున్నాను. ఫోనులో చెప్పేదాన్నే. కానీ ఫోను హాల్లో మామయ్య కుర్చీ పక్కనే ఉంది, ఆయన ఇప్పుడు పొద్దస్తమానం ఆ కుర్చీలోనే ఉంటున్నారు. క్రాపీలు గుడ్లు పెట్టడానికి నీళ్ళలో మునిగిన చెట్ల మొద్దుల దగ్గరికి చేరే రోజుల్లో మీ నాన్న ఇంట్లో కూర్చున్నారంటే పరిస్థితి ఏమిటో నీకు వేరే చెప్పక్కర్లేదు.

చలికాలంలో కంటి డాక్టరు చెప్పింది నీకు తెలుసు. చూపు నడిమధ్య చెడిపోతోంది, బాగుచేసే మందు లేదు. మనిషి అంచులు కనిపిస్తాయి, ముఖం కనిపించదు. రంగులన్నీ బూడిదలో కలిసిపోతాయి. ఊళ్ళో ఒక్కరికి కూడా తెలియకూడదని భోజనాల బల్ల మీద మనిద్దరి చేతులూ పెట్టించి ఒట్టు వేయించుకున్నారు కదా. నువ్వు వెళ్ళాక కూడా ఆయన ధైర్యంగా సరస్సు మీదికి వెళ్తూనే ఉన్నారు. ఏ మొద్దు ఎక్కడుందో ఆయనకు కళ్ళు మూసుకున్నా తెలుసు. ఇదివరకు తెల్ల కప్పుకు తాడు కట్టి నీళ్ళలోకి దించి, ఎంత లోతులో కనబడకుండా పోతుందో చూసేవారు. ఇప్పుడు నీళ్ళు దోసిట్లోకి తీసుకుని వేళ్ళతో రుద్ది చూస్తున్నారు. ఒండ్రు తగిలితే నలుపు మీద నిమ్మపచ్చ తోక, తేటగా ఉంటే తెలుపు, తేటకూ మురికికీ మధ్యన ఉంటే గులాబీ. ఎరల పెట్టెలో ఏ అరలో ఏ రంగు ఈకల జిగ్గు ఉందో ఆయన వేళ్ళకు తెలుసు. చూపు పోయినా వేళ్ళు ఆయన పరువు కాపాడుతూ వచ్చాయి.

ఆ పెట్టెను నేను సర్దాను, లేటన్.

మార్చి నెలలో ఇల్లు దులుపుతుంటే కనిపించింది. ఈకలకు బూజు పట్టి ఉంది. ఒక్కొక్క జిగ్గునూ తీసి, తుడిచి, సీసపు తలల బరువు చూసుకుని చిన్నవన్నీ ఒక పక్క, పెద్దవన్నీ ఒక పక్క పొందిగ్గా పేర్చాను. మెచ్చుకుంటారనుకున్నాను. మర్నాడు పొద్దున్న ఆయన పెట్టె తెరిచారు. వేళ్ళు రెండు అరల మీద తిరిగి, మూడో అర దగ్గర ఆగిపోయాయి. నా తలకు అప్పుడు ఎక్కింది, ఏం చేశానో. అవి ముందు ఎలా ఉండేవో గుర్తు తెచ్చుకుందామంటే ఒక్కటీ గుర్తు రాలేదు.

"మామయ్యా, కావలసింది చెప్పండి, నేను తీసి ఇస్తాను" అన్నాను.

"నా జిగ్గు నేను ఎంచుకోలేని రోజున పడవకి చిల్లు పెట్టేస్తాలే అమ్మాయ్. నువ్వెళ్ళి కాఫీ చూడు" అన్నారు.

అప్పట్నుంచీ ఉత్త చేతులతోనే ఇంటికి రావడం. ఒకరోజు గాలి అన్నారు, ఒకరోజు చలి అన్నారు. వాన వెలిసిన మర్నాడు మాత్రం అందరి పడవలూ నిండాయి, మనది తప్ప.

ఇక గురువారం జరిగింది చెప్తాను. సరస్సు ఇటుకపొడి కలిపినట్టు ఎర్రగా ఉంది. వర్జిల్ బాబాయి పడవ మామయ్య పడవకు దగ్గర్లోనే ఉంది, బాబాయి వరసపెట్టి చేపలు లాగుతున్నాడు. మన దగ్గర రంగు అడిగితే నిజం చెప్పడం ఎక్కడైనా ఉందా? పెళ్ళయిన కొత్తలో నువ్వూ మామయ్యా ఒకే పడవలో కూర్చుని కూడా ఒకరికొకరు అబద్ధాలు చెప్పుకుంటుంటే ఇదెక్కడి కుటుంబంరా దేవుడా అనుకున్నాను. ఆ ఇద్దరు ముసలి స్నేహితులయితే నలభై ఏళ్ళుగా అదే పని.

"ఏ రంగురా వర్జిల్?" అని అడిగారట మామయ్య, ఎప్పటిలాగే.

మా ఆవిడ చర్చి టోపీ రంగు అనో, మా పిల్లి కళ్ళ రంగు అనో అనాలి బాబాయి. అనలేదు. గొంతు తగ్గించి, "నలుపు మీద నిమ్మపచ్చ, హోబర్ట్. నువ్వు కట్టింది గులాబీ" అన్నాడట.

మామయ్య దారం చుట్టేసుకుని ఇంటికి వచ్చేశారు. టోపీ కూడా తీయకుండా కుర్చీలో కూలబడ్డారు.

"వాడు నాకు నిజం చెప్పాడు అమ్మాయ్."

"మంచిదేగా మామయ్యా."

"మంచిదా? టూరిస్టులకి చెప్తాం నిజం. గాలం పట్టుకోవడం రాని పసిపిల్లలకి చెప్తాం. వర్జిల్‌గాడు నాకు నిజం చెప్పాడంటే నా పని అయిపోయినట్టే."

ఆ రోజు నుంచి గాలం కర్రలు పాకలోనే ఉన్నాయి. పెట్టిన దాంట్లో సగం తిని పళ్ళెం కుక్కకు తోస్తున్నారు. కుక్క కులాసాగా ఉందని రాసింది అందుకే.

ఇంతవరకు రాసి లేచి వెళ్ళి గిన్నెలు కడిగి వచ్చాను. పొద్దున్న కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను. ఇక తప్పదు కాబట్టి రాస్తున్నాను. వర్జిల్ బాబాయికి కళ్ళ సంగతి చెప్పింది నేనే.

పోయిన ఆదివారం చర్చి వెనకాల చేపల విందులో ఆయన్ని పక్కకు పిలిచాను. మామయ్య రోజూ ఉత్త చేతులతో వస్తుంటే చూడలేకపోయాను. "బాబాయ్, మామయ్యకి రంగులు తెలియడం లేదు. తప్పు రంగు కడితే కాస్త చెప్తూ ఉండండి" అన్నాను. బాబాయి చేతిలో పళ్ళెం వంగిపోయి చేపముక్కలు గడ్డిలో పడ్డాయి, ఆయన చూసుకోలేదు. "నేను వాడికి నిజం చెప్పాలా?" అని మాత్రం అడిగాడు. చెప్పండి అన్నాను. ఆ ప్రశ్న ఎందుకు అడిగాడో అప్పుడు నాకు అర్థం కాలేదు. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, నేను చేసింది సరిగ్గా అదే. ఒట్టు తప్పాను, మామయ్యకు మిగిలిన ఒక్క స్నేహితుణ్ణీ దూరం చేశాను. బాబాయి తనంతట తనే కనిపెట్టాడనుకుంటున్నారు మామయ్య. అలా కాదని చెప్పడానికి నాకు నోరు రావడం లేదు.

నిన్న సాయంత్రం బాబాయి పడవ వేసుకుని మన రేవు దగ్గరికి వచ్చాడు. కాస్త గాలి తగులుతుందని మామయ్యను నేనే వరండాలో కూర్చోబెట్టాను.

"ఒరేయ్ హోబర్ట్! నీళ్ళింకా ఎర్రగానే ఉన్నాయి. ఏ రంగు కట్టమంటావు?" అని కేకేశాడు.

మామయ్య రేవు వైపు తల తిప్పారు. తర్వాత, "గులాబీ" అన్నారు.

ఎంత పచ్చి అబద్ధమో నీకు తెలుసు. నా ప్రాణం లేచి వచ్చింది. బాబాయి తిట్టుకుంటూ నల్ల జిగ్గు కడతాడు, వీళ్ళిద్దరూ మళ్ళీ మొదలుపెడతారు, ఇంట్లో పొయ్యి మీద చేపలు చిటపటలాడతాయి అనుకున్నాను. బాబాయి పెట్టె తెరిచి ఏదో కట్టుకుని మన రేవు ఎదురుగానే మొద్దుల మధ్య గాలం వేశాడు. పొద్దుగుంకేదాకా కూర్చున్నాడు. ఒక్క చేపా పడలేదు.

"ఏం కట్టాడు అమ్మాయ్?" అని అడిగారు మామయ్య.

ఆయన మొహంలో ఎన్నాళ్ళకో కాస్త వెలుగు కనిపించింది. ఆ వెలుగు చూసి నిజం చెప్తే సంతోషిస్తారనుకున్నాను. నాకింకా బుద్ధి రాలేదు చూడు.

"గులాబీయే మామయ్యా. మీరు చెప్పిందే కట్టాడు" అన్నాను.

ఆ వెలుగు అలాగే ఆరిపోయింది. "నలభై ఏళ్ళల్లో నా మాట ఒక్కసారి నమ్మలేదు ఆ వెధవ" అన్నారు. "ఇప్పుడు నమ్ముతున్నాడు." గోడ పట్టుకుంటూ లోపలికి వెళ్ళిపోయారు. బాబాయి ఇంకా నీళ్ళ మీదే ఉన్నాడు, పాపం, మామయ్య లోపలికి వెళ్ళిన సంగతి ఆయనకు తెలియదు.

నేను ఎంత ఏడ్చానో రాయను. నీ మీద కూడా కోపం వచ్చింది, ఇలాంటప్పుడు ఊళ్ళో లేవని. ఆ కోపం తెల్లారేసరికి పోయిందిలే.

నువ్వు బోటు దిగి ఇంటికి రాగానే చేతిసంచి కింద పెట్టకముందే మీ నాన్నను రంగు అడుగు. ఏదో ఒకటి చెప్తారు. నమ్మకు. చిన్నప్పట్నుంచీ పోట్లాడినట్టే పోట్లాడు, ముసలాడికి మతిపోయిందని కేకలెయ్యి, నీకు నచ్చిన రంగే కట్టు. పెట్టె సర్దిందీ, ఒట్టు తప్పిందీ నేనేనని ఆ తర్వాత నేనే చెప్పుకుంటాను, ఆయన ఏమన్నా పడతాను. ఆయన్ని పడవలో ఎక్కించుకుని వెళ్ళు. నీళ్ళ మీదికి వెళ్ళాక నిన్ను ఏ రంగురా అని అడుగుతారు. అడిగితే అబద్ధం చెప్పు లేటన్. మొహం ఎలా ఉన్నా ఫరవాలేదు, ఆయనకు కనబడదు. గొంతు మాత్రం వణకనివ్వకు.

ఇట్లు,
ఈ ఇంట్లో అబద్ధం చెప్పడం చేతకాని నీ భార్య,
నడీన్